ముందు తెలుగులో చెప్పమనండి

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు చేసి పదకొండేళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీ హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పాను. జీతాలు నెలల తరబడి ఆగిపోతుంటే పోయిన ఏడాది మానేశాను. నరసరావుపేటలో బస్టాండుకు దగ్గర్లో 8,000 రూపాయల అద్దెకు రెండు గదులు తీసుకుని, ఇంజనీరింగ్ పిల్లలకు రాయడం, మాట్లాడడం నేర్పే సెంటర్ పెట్టాను. మొదటి నెల ముప్ఫై మంది చేరారు. క్లాసులో తెలుగు మాట వస్తే ఐదు రూపాయలు ఫైన్ అని ఒక డబ్బా పెట్టాను. రెండో నెలకు పధ్నాలుగు మంది మిగిలారు. అందులోనూ నోరు విప్పేది నలుగురే. రాత నేర్చుకుంటామని ఎవరూ రావడం లేదు. 'మేడమ్, రేపు సబ్మిషన్, కొంచెం కరెక్ట్ చేసి పెట్టండి' అని వాట్సాప్‌లో ఫైళ్లు మాత్రం వస్తున్నాయి. ప్రాజెక్టు రిపోర్టు మొత్తం రాసిస్తే 3,000 ఇస్తామంటున్నారు. అద్దె గుర్తొస్తే ఒప్పుకుందామనిపిస్తోంది. ఎదురు వీధిలో '30 రోజుల్లో ఇంగ్లీష్, ఉద్యోగం గ్యారంటీ' అని బోర్డు పెట్టిన సెంటరేమో కిటకిటలాడుతోంది. ఏఐ వచ్చాక అసలు నాలాంటి వాళ్ల అవసరం ఉందా అని కూడా భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ డబ్బా తీసేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

తప్పు పడుతున్నానని అనుకోకండి. హనుమకొండలో సెంటర్ పెట్టిన కొత్తలో నేను కూడా గోడ మీద 'ఓన్లీ ఇంగ్లీష్' అని పెద్దక్షరాలతో రాయించినవాణ్నే. మూడు వారాలు గడిచాక గదిలో నా గొంతు తప్ప ఇంకేదీ వినిపించడం లేదని గమనించాను. ఫైన్ కట్టలేని పిల్లవాడు చేసే మొదటి పని నోరు మూసుకోవడం. మీ దగ్గర మాట్లాడుతున్న ఆ నలుగురూ మీ దగ్గరికి రాకముందే మాట్లాడగలిగిన వాళ్లయి ఉంటారు. ఒకసారి చూసుకోండి.

నా కళ్లు తెరిపించింది ఒక ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్) కుర్రాడు. ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్, అంటే రిపోర్టు సారాంశం, పట్టుకొచ్చాడు. 'ఇన్ టుడేస్ ఫాస్ట్ గ్రోయింగ్ వరల్డ్, టెక్నాలజీ ప్లేస్ ఎ వైటల్ రోల్' అని మొదలైంది. ఈ వాక్యం మీకూ కంఠతా వచ్చే ఉంటుంది, నా బల్ల మీదికొచ్చిన రిపోర్టుల్లో సగం దాంతోనే మొదలయ్యేవి. పేజీ అంతా చదివినా అతనేం తయారు చేశాడో తెలియలేదు. విసుగొచ్చి కాగితం బోర్లించి, 'ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టు, తెలుగులో చెప్పు, ఏం చేశావు?' అన్నాను. కుర్రాడు కుర్చీలో ముందుకు జరిగాడు.

'మా నాయిన రాత్రి కరెంటొచ్చినప్పుడు పొలం కాడికి పోయి మోటరెయ్యాలె సార్. తొవ్వల పాములుంటయ్. ఫోన్ల నుంచి మిస్డ్ కాల్ ఇస్తే స్టార్టర్ పడేటట్టు చేసిన. మూడు ఫేజుల్ల ఒకటి పోతే మోటరు కాలిపోతది గద, అట్లయితే దానంతట అదే ఆగుతది. ఆగినట్టు మెసేజ్ గూడ వస్తది.'

సమస్య ఏమిటి, ఏం చేశాడు, అందులో ప్రత్యేకత ఏమిటి, చివరికి ఏమవుతుంది. అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండాల్సినవన్నీ వరస తప్పకుండా వచ్చేశాయి, అదీ అర నిమిషంలో. 'ఇదే ఇంగ్లీషులో రాయి' అన్నాను. నలభై నిమిషాలు పట్టింది. టెన్సులు తడబడ్డాయి, ఆర్టికల్స్ సగం ఎగిరిపోయాయి. అయినా ఆ పేజీలో మోటారు ఉంది, పొలం ఉంది, వాళ్ల నాన్న ఉన్నాడు.

అప్పట్నుంచి నా నమ్మకం ఇది: మన పిల్లలకు ఇంగ్లీషు మాటల కొరత ఉన్న మాట నిజమే, కానీ దానికంటే పెద్ద కొరత, తాము చేసిన పనిని తమ నోటితో ఇంకొకరికి చెప్పిన అలవాటు లేకపోవడం. ల్యాబ్ రికార్డు సీనియర్ రికార్డు చూసి దించుతారు. వైవా రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఇంటర్లో రెండేళ్లు బబుల్స్ దిద్దడంతోనే సరిపోయింది. 'నీకేం అర్థమైందో చెప్పు' అని అడిగిన మనిషే వాళ్లకు తగల్లేదు. మీ సెంటర్లో ఆ మనిషి మీరు అవ్వాలి. తెలుగులో చెప్పలేని సంగతిని ఇంగ్లీషులో ఎలాగూ చెప్పలేరు. చెప్పలేకపోతే అర్థం కాలేదని లెక్క, అప్పుడు తిప్పి ప్రాజెక్టు దగ్గరికే పంపండి.

ఇక ఆ మూడు వేల సంగతి. వద్దు. నీతులు చెప్పే అర్హత నాకు లేదు, ఎందుకంటే డబ్బుకు ఇబ్బంది పడ్డ ఒక మార్చి నెలలో నేనూ ఒక రిపోర్టు రాసిచ్చాను. భాష ధగధగలాడేలా రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి పరీక్షించడానికి, వచ్చినాయన, 'రోబస్ట్ డిజైన్ అని రాశావు, ఏ పరీక్ష చేసి ఆ మాటన్నావు?' అని అడిగారట. పిల్లవాడు నీళ్లు నమిలాడు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, 'ఎందుకు రాశారు సార్ ఆ మాట?' అన్నాడు. నా దగ్గరా జవాబు లేదు. చెవికి ఇంపుగా ఉందని రాశాను. ఇంజనీరింగ్ రాతలో ప్రతి విశేషణం వెనకా ఒక కొలత ఉండాలి, ఆ కొలత తీసింది మనం కాదు. అందుకే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: విద్యార్థి కాగితం మీద నా పెన్ను పడకూడదు. వేలు పెట్టి చూపిస్తాను, అడుగుతాను, అతనే దిద్దుకుంటాడు. అమెరికా యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా రైటింగ్ సెంటర్లు నడుస్తున్నాయి. పర్డ్యూలో 1976 నుంచి ఉంది. చాలా చోట్ల అక్కడ కూర్చునేది సీనియర్ విద్యార్థులే. వాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తారు, దిద్దిపెట్టే దుకాణంలా మారకుండా జాగ్రత్త పడతారు.

ఇదే కోవలో ఇంకో బేరం వస్తుంది: 'ప్లేజియరిజం తగ్గించి పెట్టండి మేడమ్.' 2018 యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదని ఉన్నప్పట్నుంచీ పిల్లలు దాన్ని రేషన్ కోటాలా చూస్తున్నారు. మిగతాది పారాఫ్రేజ్ టూల్‌లో వేసి మాటలు మారుస్తారు. 2021లో కొందరు పరిశోధకులు అచ్చయిన పేపర్లలోంచే ఇలాంటి మాటలు ఏరి చూపించారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్' అయింది, 'బిగ్ డేటా' ఏమో 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' అయింది. మీ పిల్లలకు ఈ రెండూ చెప్పండి. నవ్వుతారు, ఆ నవ్వుతో మానేస్తారు కూడా.

వాట్సాప్‌లో ఫైలు తీసుకోకండి. ప్రింటు తీసుకుని, పెన్ను పట్టుకుని మనిషి రావాలి. సిట్టింగ్ నలభై నిమిషాలు చాలు. ముందు ఐదు నిమిషాలు తెలుగులో చెప్పించండి, తర్వాత అతని చేతే అతని రాత గట్టిగా చదివించండి. చదువుతూ ఎక్కడ తడబడితే తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది. ఒక సిట్టింగ్‌లో రెండు రకాల తప్పుల జోలికే వెళ్లండి. స్పెల్లింగ్, కామాలు అన్నిటికంటే చివర. మనకేమో అవే ముందు కంటబడతాయి, ఎర్ర సిరా చేయి కదా. రేపే సబ్మిషన్ అని పరిగెత్తుకొచ్చిన వాడికి అబ్‌స్ట్రాక్ట్, బొమ్మల కింది రాతలు మాత్రమే చూస్తానని చెప్పండి. ఆ రెండూ బాగుపడితే రిపోర్టు ముఖం మారిపోతుంది.

ఏది ముందు రాయాలో చెప్పడానికి నేను వాడే పాఠం ఒకటుంది, మీరూ వాడుకోండి. కల్పనా చావ్లా పేరు తెలియని పిల్లలుండరు. 2003 ఫిబ్రవరి 1న ఆమె ఉన్న కొలంబియా వ్యోమనౌక కూలిపోవడానికి రెండు వారాల ముందు, ప్రయోగ సమయంలోనే ఒక నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ మీద స్లయిడ్లు తయారు చేసి నాసా అధికారులకు చూపించారు. ఒక స్లయిడ్ శీర్షిక చదివితే పరవాలేదన్న భావన కలుగుతుంది. అదే స్లయిడ్ అట్టడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, రెక్కకు తగిలిందని అంచనా వేసిన ముక్క 1,920. అంటే 640 రెట్లు. ప్రమాదంపై దర్యాప్తు చేసిన బోర్డు తన నివేదికలో ఈ స్లయిడ్‌ను ప్రత్యేకంగా ఎత్తిచూపింది. నేను ఆ విషయాలన్నీ చీటీల మీద రాసి కలిపేసి, 'మీరు ఆ ఇంజనీరైతే ఏ చీటీ పైన పెడతారు?' అని అడుగుతాను. గదిలో గొడవ మొదలవుతుంది. ఎవరూ ఫైన్ గురించి ఆలోచించరు.

వ్యాకరణం దగ్గర మీకో మాట. మీరు ఇంగ్లీషు ఎం.ఏ. అయినా తెలుగు వాక్యాన్ని ఎదురుగా పెట్టుకోండి, సగం తప్పులకు మూలం అక్కడే దొరుకుతుంది. 'టుడే ఓన్లీ ఐ కేమ్' వెనక 'ఈరోజే వచ్చాను' ఉంది. 'ఐ యామ్ నాట్ నోయింగ్' వెనక 'తెలియడం లేదు' ఉంది. అంతకంటే పెద్ద చిక్కు పొడుగు వాక్యాల్లో వస్తుంది. 'సెన్సర్ నుంచి వచ్చిన విలువ గీత దాటగానే మోటారును ఆపేసే సర్క్యూట్' అని మనం హాయిగా అంటాం, సర్క్యూట్ చివరికి వస్తుంది. ఇంగ్లీషులో అది మొదట రావాలి, దాన్ని గురించిన ముచ్చటంతా దాని వెనక నడవాలి. మన వాక్యం తోక వాళ్ల వాక్యానికి తల. ఇది ఒక్కటి పట్టుబడితే ఆరు నెలల గ్రామర్ క్లాసు కలిసొస్తుంది. తెలుగు వాక్యం బోర్డు మీద రాసి, చివరి మాట చుట్టూ సున్నా చుట్టి, అక్కడ్నుంచి ఇంగ్లీషు మొదలుపెట్టించండి. తెలుగులో లేని ఆర్టికల్స్‌ను మాత్రం ఆఖరికి వదిలేయండి, వాటితో మొదలుపెడితే పిల్లలు పారిపోతారు.

ఉచ్చారణలో 'యెగ్జామ్', 'యెమ్' లాంటివి పట్టించుకోకండి, అర్థానికి వచ్చిన నష్టం లేదు. అంకెలు చదవడం మాత్రం నేర్పండి. 0.05ను 'పాయింట్ ఫైవ్' అనేసే వాళ్లు, మిల్లీని మైక్రోని కలిపేసే వాళ్లు ఫైనలియర్‌లోనూ కనబడతారు. ఒక గ్రాఫ్ చేతికిచ్చి, ఇటు ఏముంది, అటు ఏముంది, గీత ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని రెండు నిమిషాలు చెప్పించండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగేదీ ఇంచుమించు ఇదే.

మాట్లాడే బ్యాచ్ ఎనిమిది మందికి మించొద్దు. ముప్ఫై మంది ఉంటే గంటలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలకు మించి రావు, దాన్ని క్లాసు అనొచ్చు గానీ సాధన అనలేం. కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో ఒక వస్తువు పెట్టండి: రిలే, బేరింగ్, కాలిపోయిన ఫ్యూజు, ఏదైనా. మొదటి చుట్టు తెలుగులో, రెండో చుట్టు అదే విషయం ఇంగ్లీషులో. ఎదురుగా కూర్చున్నవాడు తప్పనిసరిగా ఒక ప్రశ్న వేయాలి. మర్నాడు అదే వస్తువు గురించి ఒకరు వాళ్లమ్మకు చెప్పినట్టు, ఒకరు హెచ్ఆర్‌కు చెప్పినట్టు, ఒకరు ఎక్స్‌టర్నల్‌కు చెప్పినట్టు చెప్పాలి. ఎవరి మాట వాళ్ల ఫోన్లోనే రికార్డు చేసుకుని ఇంట్లో ఒంటరిగా వినమనండి. క్లాసులో అందరి ముందూ వినిపించడం మాత్రం చేయకండి, ఒకమ్మాయి ఆ దెబ్బతో మళ్లీ రాలేదు. నా తప్పే. గ్రూప్ డిస్కషన్ రోజు చేపల మార్కెట్ అవుతుంది, కానివ్వండి. అయితే ముందు మాట్లాడినవాడు ఏమన్నాడో చెప్పాకే తన మాట మొదలుపెట్టాలని షరతు పెట్టండి, గోల సగానికి దిగుతుంది. వెర్సాంట్ లాంటి కంప్యూటర్ పరీక్షల్లో విన్న వాక్యాన్ని వెంటనే తిరిగి చెప్పమంటారు, దానికి రోజూ పది నిమిషాలు విని అప్పజెప్పే సాధన చాలు, ప్రత్యేకం కోర్సు అక్కర్లేదు. 'మైసెల్ఫ్...' అని మొదలయ్యే బట్టీ పరిచయం గురించి మీకు నేను చెప్పేదేముంది!

ఇప్పుడు డబ్బు లెక్క. కాలేజీ బస్సులు దిగి పిల్లలు మీ దగ్గరికి చేరేసరికి ఐదున్నర అవుతుంది. ఎనిమిదిన్నర వరకు మూడు గంటలు మీ చేతిలో ఉన్న సమయం. సోమ, బుధ, శుక్రవారాలు మాట్లాడే బ్యాచ్‌లు, గంటకొకటి చొప్పున మూడు. ఎనిమిదేసి మంది, నెలకు 1,200 చొప్పున 28,800. మంగళ, గురు, శనివారాలు రాతకు, రోజుకు నాలుగు సిట్టింగులు. నెలకు 48, ఒక్కోటి 150 చొప్పున 7,200. మొత్తం 36,000. అద్దె 8,000, కరెంటు, నెట్టు, ప్రింట్లకు 2,000 పోతే 26,000 మిగులుతుంది. ఇది గదులు నిండినప్పటి లెక్క. మొదటి ఆరు నెలలు అందులో సగమే అనుకుని ఇల్లు నడుపుకోండి, సెమిస్టర్ పరీక్షల నెలల్లో అదీ రాదు. తిండి పెట్టేది మాట్లాడే బ్యాచే. రాత ఊళ్లో పేరు తెస్తుంది, ఆ పేరు బ్యాచ్‌ను నింపుతుంది. జీఎస్టీ గురించి ఎవరైనా భయపెడితే, సేవలకు ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ వరకు రిజిస్ట్రేషన్ అవసరం లేదని గుర్తుంచుకోండి.

రాత కోసం రావడం లేదన్నారు. రిపోర్టుకు ఆరు సిట్టింగులు, 900 రూపాయలని బోర్డు మీద రాయండి. రాసిస్తే 3,000 ఇద్దామనుకున్న వాళ్లలో కొందరైనా ఇటు తిరుగుతారు. మళ్లీ ఎవరి కోసం చూడాలో కూడా చెబుతాను. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరిన పిల్లలున్నారే, వాళ్లను వెతికి పట్టుకోండి. ఫస్టియర్ ఇంగ్లీషు, ఆ హెడ్‌ఫోన్ల ల్యాబు వాళ్లకు తగలవు. చేతిపనిలో మాత్రం మిగతా వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివి ఉంటారు. చెప్పడానికి విషయముండి మాట లేని వాళ్లు, మీ పద్ధతికి వాళ్లే సరైన శిష్యులు. ఆడపిల్లలకు ఆదివారం పొద్దున ఒక బ్యాచ్ పెట్టండి. ఎనిమిదిన్నరకు క్లాసు వదిలితే చివరి బస్సు దొరకదేమోనన్న భయంతో ఎంతమంది ఆగిపోయారో మీకు తెలియకపోవచ్చు.

మీరు పనిచేసిన కాలేజీ వద్దు గానీ, మరో కాలేజీ ప్రిన్సిపాల్‌ను కలిసి, సాయంత్రాలు ఖాళీగా ఉండే లాంగ్వేజ్ ల్యాబ్ అడిగి చూడండి. ఇంజనీరింగ్ కోర్సులకిచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కోసం చూపించాల్సిన ఫలితాల్లో కమ్యూనికేషన్ ఒకటి కాబట్టి మాట చెవికెక్కే అవకాశం ఉంది. డబ్బు ఏ తేదీకి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. జీతాల అనుభవం ఉన్న మీకు ఇది చెప్పనక్కర్లేదు.

ఎదురు వీధి బోర్డును చూసి మీ బోర్డు మార్చకండి. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలిచ్చింది, ఉద్యోగం గ్యారంటీ లాంటి అబద్ధపు హామీలు కూడదని అందులో ఉంది. ఎన్ని రోజుల్లో వస్తుందని తల్లిదండ్రులు అడిగితే నేను, 'మూడు నెలలకు మీవాడు తన ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు ఆగకుండా చెబుతాడు, వచ్చి వినండి' అనేవాణ్ని. కొందరు నిజంగానే వచ్చి వెనక కూర్చునేవాళ్లు. అర్థం కాకపోయినా ముఖాలు వెలిగేవి.

ఏఐ సంగతికి పెద్దగా భయపడకండి. ఇప్పుడు పిల్లలు తెచ్చే కాగితాల్లో వ్యాకరణం బాగుంటుంది, 'వైటల్ రోల్' స్థానంలో కొత్త పడికట్టు మాటలు వచ్చాయి, మోటారు మాత్రం కనబడదు. పోలీసు పని పెట్టుకోవద్దు, పట్టించే టూళ్లను నమ్మొద్దు, అవి సొంతంగా రాసిన వాళ్లనూ దొంగల్ని చేస్తాయి. కాగితం బోర్లించి తెలుగులో చెప్పమనండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సొంత డ్రాఫ్ట్ అయ్యాక, 'ఇది చదివి ఎక్స్‌టర్నల్ అడగగల పది ప్రశ్నలు ఇవ్వు' అని ఏఐని అడగమనండి. దానికి అది బాగా పనికొస్తుంది, నేనూ వాడుతున్నాను.

ఆ డబ్బాలో ఎంత పోగైందో మీరు రాయలేదు. ఎంతైనా సరే, రేపు సాయంత్రం ఆ పధ్నాలుగు మందికీ మిరపకాయ బజ్జీలు తెప్పించండి. మానేసిన పదహారు మందికీ ఫోన్ చేసి రమ్మనండి. తింటూ వాళ్లేం మాట్లాడుకుంటారో, ఏ భాషలో మాట్లాడుకుంటారో వింటూ కూర్చోండి. బుధవారం బ్యాచ్‌కు బల్ల మీద ఏ వస్తువు పెట్టాలో అక్కడే దొరుకుతుంది.